అంబులెన్సు డ్రైవరుకు చట్టం ఇచ్చిన మినహాయింపులు ఎంతవరకు?

అమలాపురం దగ్గర ఒక ప్రైవేటు ఆసుపత్రిలో అంబులెన్సు నడుపుతున్న ఒక యువకుడు మూడు సంగతులు అడిగారు. గుండెనొప్పి వచ్చిన రోగిని కాకినాడ తీసుకువెళ్తూ ఎర్ర సిగ్నల్ దాటినందుకు బండి యజమాని పేరున చలానా వచ్చింది, ఆ డబ్బు జీతంలో కోస్తామంటున్నారు, ఏం చేయాలన్నది మొదటిది. రోగిని దింపి ఖాళీ బండితో తిరిగి వస్తూ సైరన్ వేసినందుకు పోలీసులు ఆపి మందలించారు, అది న్యాయమేనా అన్నది రెండవది. అసలు తనకు ఏయే నియమాల నుంచి మినహాయింపు ఉంది, దారిలో ప్రమాదం జరిగితే తప్పు ఎవరిదవుతుంది అన్నది మూడవది. అంబులెన్సులు, ఫైరింజన్లు నడిపేవారికి శిక్షణ ఇచ్చే పనిలో చాలాకాలం ఉన్నవాడిని కనుక కొంచెం వివరంగానే రాస్తున్నాను. మూడవ ప్రశ్నకు జవాబు తెలిస్తే మిగిలిన రెండూ తేలికగా తేలిపోతాయి కాబట్టి అక్కడే మొదలుపెడతాను.

మన దేశంలో ఈ విషయానికి ఆధారం 1988 నాటి మోటారు వాహనాల చట్టం, దాని కింద 2017లో కేంద్రం తెచ్చిన డ్రైవింగ్ నిబంధనలు. అంతకుముందు 1989 నాటి రోడ్డు నియమాలు ఉండేవి, వాటి స్థానంలో ఇవి వచ్చాయి. అత్యవసర వాహనానికి మిగతా వాహనాలన్నీ దారి ఇవ్వాలని ఈ నిబంధనలు చెబుతున్నాయి. ప్రాణం కాపాడడం, ఆరోగ్యానికి కలగబోయే తీవ్రమైన హానిని ఆపడం వంటి అత్యంత అవసర పరిస్థితిలో మాత్రమే, సైరన్ మోగుతూ పైన దీపాలు వెలుగుతూ ఉండగా, తగిన జాగ్రత్తతో, బాధ్యతతో, డ్రైవరు ఎర్ర సిగ్నల్ దాటవచ్చని, వేగ పరిమితి మించవచ్చని, మామూలుగా వెళ్లకూడని వైపు నుంచి కూడా వెళ్లవచ్చని అవి అనుమతిస్తున్నాయి. ఈ వాక్యంలో ప్రతి ముక్కా ఒక షరతే. రోగి పరిస్థితి నిజంగా అత్యవసరమై ఉండాలి, సైరనూ దీపాలూ రెండూ పనిచేస్తూ ఉండాలి, జాగ్రత్త తీసుకుని ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి లోపించినా ఆ క్షణంలో మీ బండి చట్టం దృష్టిలో మామూలు వ్యానుతో సమానం.

మీ రెండవ ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. రోగిని దింపేశాక అత్యవసరం ముగిసింది. తిరుగు దారిలో సైరన్ వేయకూడదని నిబంధనలే చెబుతున్నాయి కనుక పోలీసులు మందలించడం న్యాయమే. పార్థివదేహాన్ని ఇంటికి చేరుస్తున్నప్పుడు, డయాలసిస్ చేయించుకుని నిలకడగా ఉన్న మనిషిని వెనక్కి తీసుకువెళ్తున్నప్పుడు, డాక్టరుగారిని ఇంటి దగ్గర నుంచి తీసుకువస్తున్నప్పుడు కూడా ఇదే వర్తిస్తుంది. ఒక కాలుకు కట్టు కట్టించుకున్న మనిషి కోసం ఎర్ర సిగ్నల్ దాటే అవసరం ఉండదు. ఇక్కడ నిర్ణయం మీ ఒక్కరిది కాకూడదు. బండిలో నర్సు గాని, అత్యవసర వైద్య సాంకేతిక నిపుణుడు గాని ఉంటే బయలుదేరే ముందే వారిని అడిగి, ఇది సైరన్‌తో వెళ్లవలసిన కేసా కాదా అని తేల్చుకోండి. అవసరం లేని చోట సైరన్ మోగించేవారి వల్లనే జనం అసలు సైరన్‌ను కూడా పట్టించుకోవడం మానేస్తున్నారు. ఆ నష్టం రేపు మీ బండిలో ఎక్కబోయే రోగికే తగులుతుంది.

సైరన్ అమర్చుకునే హక్కు కూడా అందరికీ లేదు. కేంద్ర మోటారు వాహనాల నియమాలలో 119వ నియమం ప్రకారం అంబులెన్సులు, అగ్నిమాపక వాహనాలు, విధుల్లో ఉన్న పోలీసు వాహనాలు వంటి కొన్నింటికే, అదీ రిజిస్టరింగ్ అధికారి ఆమోదించిన ధ్వని సంకేతాలకే అనుమతి ఉంది. ఎర్రబుగ్గల సంగతి మనకు తెలిసినదే. 2017 మే 1 నుంచి మంత్రులతో సహా ప్రముఖుల కార్లపై వాటిని తీసేశారు. మన ప్రాంతంలో సెకండ్ హ్యాండ్ ఓమ్నీ, ఈకో బండ్లు కొని, సీట్లు తీసేసి, స్ట్రెచర్ పెట్టి, పైన బుగ్గ తగిలించి అంబులెన్సు అని తిప్పడం కొన్నిచోట్ల కనిపిస్తుంది. ఆర్‌సీలో వాహన తరగతి అంబులెన్సు అని లేకపోతే పైన చెప్పిన మినహాయింపులు ఏవీ దానికి వర్తించవు. అనుమతి లేకుండా బండిని మార్చిన యజమానికి మోటారు వాహనాల చట్టం 182ఎ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు గాని, ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, లేదా రెండూ పడవచ్చు. మీరు రేపు డ్యూటీ ఎక్కే ముందు చేయవలసిన మొదటి పని ఆర్‌సీ తీసి ఆ ఒక్క గడి చూసుకోవడం.

మినహాయింపు లేనివి ఏమిటన్నది కూడా స్పష్టంగా తెలియాలి. లైసెన్సు, ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్ పత్రం అందరిలాగే ఉండాలి. మద్యం విషయంలో 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు అన్న పరిమితి మీకూ అంతే. చేత్తో ఫోను పట్టుకుని ఆసుపత్రితో మాట్లాడుతూ నడపడానికి ఏ అత్యవసరమూ కారణం కాదు, ఆ మాటలు పక్కన కూర్చున్నవారు మాట్లాడాలి. వేగ నియంత్రణ పరికరం నుంచి మాత్రం అంబులెన్సులకు, ఫైరింజన్లకు, పోలీసు వాహనాలకు 118వ నియమంలోనే మినహాయింపు ఉంది. జాతీయ రహదారులపై టోల్ కూడా అంబులెన్సుకు ఉండదు. ఈతకోట టోల్ గేటు దగ్గర డబ్బులు అడిగితే వాదనకు దిగి నిమిషాలు పోగొట్టుకోకండి, ఆపకుండా పంపే వరుస ఏదో ముందే తెలుసుకుని ఉంచుకోండి.

రైలు గేటు గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే దీని మీద డ్రైవర్లలో ఉన్నంత అపోహ మరి దేనిమీదా లేదు. కోనసీమ లోపల ఇంకా రైలు తిరగడం లేదు కాబట్టి మీకు రోజూ ఎదురుకాకపోవచ్చు. అయితే చించినాడ వంతెన దాటి పాలకొల్లు, భీమవరం వైపు రోగిని తీసుకువెళ్లిన రోజున నరసాపురం, భీమవరం, నిడదవోలు లైను మీద ఏదో ఒక గేటు తగిలే తీరుతుంది. వేసి ఉన్న గేటును తీయించే అధికారం సైరన్‌కు లేదు. చాలా గేట్లు సిగ్నళ్లతో ముడిపడి ఉంటాయి. గేటు పడి తాళం పడితేనే రైలుకు సిగ్నల్ పడుతుంది, ఒకసారి రైలుకు సిగ్నల్ ఇచ్చాక దానిని వెనక్కి తీసుకునేవరకు గేట్‌మన్ తాళం తీయాలనుకున్నా రాదు. కాబట్టి అతని మీద అరవడం వల్ల రోగికి మేలు జరగదు. గేటును బలవంతంగా తెరిచినా, విరగ్గొట్టినా 1989 నాటి రైల్వే చట్టం 160వ సెక్షన్ కింద జైలు శిక్ష ఉంటుంది, అందులో అత్యవసర వాహనం అన్న మాటే లేదు. ఇక్కడ చేయగలిగిందల్లా ముందుచూపే. మీరు తిరిగే దారిలో ఏ గేటుకు దగ్గరలో పై వంతెన ఉందో, ఏ రైలు ఏ సమయానికి దాటుతుందో తెలుసుకుని, అయిదు కిలోమీటర్లు చుట్టయినా గేటులేని దారి పట్టడం చాలాసార్లు త్వరగా చేరుస్తుంది. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య పంటు (బండ్లను గోదావరి దాటించే పెద్ద పడవ) రేవు విషయంలోనూ నా సలహా ఇదే. పంటు ఎప్పుడు ఈ ఒడ్డున ఉంటుందో మీ చేతిలో ఉండదు, చించినాడ వంతెన మాత్రం ఎప్పుడూ అక్కడే ఉంటుంది.

వేగం మించవచ్చు అన్న అనుమతిని డ్రైవర్లు ఎక్కువగా వాడతారు, దానివల్ల కలిగే లాభం మాత్రం వారు అనుకున్నంత ఉండదు. పది కిలోమీటర్ల దూరం గంటకు 60 వేగంతో 10 నిమిషాలు పడుతుంది, 80 వేగంతో ఏడున్నర నిమిషాలు పడుతుంది. మిగిలింది రెండున్నర నిమిషాలు, అదీ మధ్యలో ఒక్క మలుపు గాని, సంత గాని, బడి గాని లేకుండా సాగితేనే. దానికి చెల్లించే మూల్యం చూడండి. 60 వేగంలో బండి సెకనుకు సుమారు 17 మీటర్లు కదులుతుంది, 80 వేగంలో 22 మీటర్లు. బ్రేకు తొక్కాక ఆగే దూరం వేగపు వర్గంతో పెరుగుతుంది కనుక 80 దగ్గర అది 60 దగ్గరకంటే దాదాపు 1.8 రెట్లు అవుతుంది. వెనుక నిలబడి ఛాతీ నొక్కుతున్న మనిషికి బెల్టు ఉండదు. మీరు ఒక్కసారి గట్టిగా బ్రేకు వేస్తే ఆ మనిషి పడిపోతారు, రోగికి అందుతున్న సాయం అక్కడికక్కడే ఆగిపోతుంది. నిండు గర్భిణిని, వెన్నెముకకు దెబ్బ తగిలినవారిని తీసుకువెళ్లేటప్పుడు గుంతల మీద ఎగిరే వేగం కంటే నిలకడగా సాగే వేగమే వైద్యం. నిజమైన సమయం మనకు మిగిలేది వేరేచోట్ల. పిలుపు అందిన నిమిషంలోనే బండి కదలడం, దారి ముందే నిశ్చయించుకోవడం, ఏ ఆసుపత్రిలో పడక ఉందో బయలుదేరేలోపే కనుక్కోవడం, అక్కడి క్యాజువాలిటీకి ముందుగా కబురు పెట్టడం, వీటిలో పోయే సమయం రోడ్డు మీద తిరిగి సంపాదించలేనంత ఉంటుంది.

కూడళ్లలో ఎర్ర సిగ్నల్ దాటే పద్ధతి కూడా చెబుతాను. దాటవచ్చు అంటే ఆగకుండా దూసుకుపోవచ్చు అని అర్థం చేసుకోకూడదు. కూడలికి ముందే వేగం తగ్గించి, దాదాపు ఆగేంత నెమ్మదికి వచ్చి, సైరన్ ధ్వని తీరు మార్చి, అడ్డంగా వస్తున్న ఒక్కొక్క వరుసలోని డ్రైవరు మిమ్మల్ని చూసి ఆగారని కళ్లతో నిర్ధారించుకున్నాకే ఆ వరుస దాటాలి. అద్దాలు ఎత్తి, ఏసీ వేసుకుని, పాటలు పెట్టుకుని వస్తున్న కారులోని మనిషికి మీ సైరన్ మీరు చాలా దగ్గరకు వచ్చేదాకా వినిపించదు. మీరు వినిపించాననుకున్నది, ఎదుటివారు విన్నది ఒకటే అని ఎన్నడూ నమ్మకండి. రెండు అత్యవసర వాహనాలు ఒకే కూడలికి వచ్చినప్పుడు ప్రమాదం మరింత ఎక్కువ, ఎందుకంటే రెండో బండి సైరన్ మీ సైరన్‌లో కలిసిపోయి మీకు వినబడదు. సిగ్నల్ పడి ఆగి ఉన్న మోటారు సైకిలు వెనుక నిలబడి హారన్ కొడుతూ అతన్ని గీత దాటి కూడలి మధ్యలోకి నెట్టడం కూడా సరికాదు. ఎర్ర దీపం దాటే మినహాయింపు మీకుంది, అతనికి లేదు, అతనికి ఏమైనా జరిగితే మీ మనస్సాక్షికే కాదు, కేసులో మీకూ భారమే.

డెల్టా రోడ్ల స్వభావం పుస్తకాల్లో ఉండదు కాబట్టి కొంత ఆగి చెప్పాలి. మన రోడ్లలో సగం కాలువ గట్ల మీద, ఏటిగట్ల మీద పోతాయి. ఒక పక్క నీళ్లు, మరో పక్క పొలం, మధ్యలో ఒక బస్సు పట్టేంత తారు. నియమం ప్రకారం మీకు దారి ఇవ్వాలని ఎదుటి మనిషి గట్టు అంచుకు దిగితే వానాకాలంలో ఆ మట్టి కుంగి బండి కాలువలో పడుతుంది. అందుచేత అటువంటి దారిలో ముందున్న బండిని తరమకుండా, వెడల్పు ఉన్న చోటు వచ్చేదాకా ఓపిక పట్టడం మీ విధి. కోతల రోజుల్లో రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది, వడ్ల మీద చక్రం జారుతుంది, రాశి చుట్టూ పెట్టిన రాళ్లు రాత్రివేళ కనబడవు. వెనుక దీపం లేని ట్రాక్టరు తొట్లు, కొబ్బరి లోడు లారీలు, చేపలూ రొయ్యల పెట్టెల నుంచి నీళ్లు కారుస్తూ పోయే ఆక్వా బండ్లు, ఇవన్నీ 216వ జాతీయ రహదారి మీద మీకు తెలిసినవే. ఆక్వా బండి వెనుక తడిసిన తారు మీద బ్రేకు పట్టదు, ఎండాకాలంలో కూడా వాన పడినట్టే నడపాలి. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం, మాఘంలో అంతర్వేది రథోత్సవం, శనివారాల్లో వాడపల్లి, ఇటువంటి రోజుల్లో మామూలు దారి దారి కాదని పంచాంగం చూసి ముందే గుర్తుపెట్టుకుని, 112కు గాని స్థానిక స్టేషనుకు గాని ఫోను చేయించి దారి అడగాలి. ఎదుర్లంక వంతెన దాటి యానాంలోకి వెళ్తే మరో ప్రభుత్వ పరిధిలోకి వెళ్లినట్టే, కానీ కేంద్ర చట్టం, డ్రైవింగ్ నిబంధనలు అక్కడా ఇవే కాబట్టి మీ హక్కుల్లో గాని బాధ్యతల్లో గాని మార్పు ఉండదు.

ఫైరింజను ఎదురైతే ఎవరు ముందు అన్న సందేహం కూడా తరచు వస్తుంది. అత్యవసర వాహనాలలో మొదటి వరుస అగ్నిమాపక వాహనానిది, తర్వాత అంబులెన్సుది, ఆ తర్వాత పోలీసు వాహనానిది. రోగి ఉన్న అంబులెన్సును వెనక్కి పెట్టడం ఏమిటని కొందరికి అనిపిస్తుంది గాని, 1995 జనవరిలో పాశర్లపూడి బావిలో గ్యాస్ అదుపు తప్పి ఎగసి మండిన బ్లోఅవుట్, 2014 జూన్ 27న నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపులైను పేలుడు చూసిన ప్రాంతం మనది. మంట అదుపులోకి రాకపోతే లోపల చిక్కుకున్నవారి దగ్గరకు అంబులెన్సు చేరే వీలే ఉండదు. పైగా వేల లీటర్ల నీళ్లతో బరువెక్కిన ఫైరింజను మీ బండిలా చటుక్కున ఆగలేదు, మలుపులో పక్కకు తప్పుకోలేదు. అటువంటి చోట బండి నిలిపేటప్పుడు తిరిగి బయటకు వచ్చే వైపు ముఖం పెట్టి, ఫైరింజన్ల దారికి అడ్డు రాకుండా నిలపండి. ఒకే గట్టు రోడ్డు మీద నాలుగు అంబులెన్సులు ఒకదాని వెనుక ఒకటి లోపలికి వెళ్లి ఇరుక్కుంటే మొదట ఎక్కించిన క్షతగాత్రుడు చివరకు బయటపడతాడు.

ఇక ప్రమాదం జరిగితే. సైరన్ మోగుతోంది, లోపల రోగి ఉన్నాడు అన్నది నేరం నుంచి పూర్తి రక్షణ ఇవ్వదు. మినహాయింపుకు జాగ్రత్త అన్న షరతు ఉంది కనుక, జాగ్రత్త తీసుకున్నారా లేదా అన్నదే కోర్టు చూస్తుంది. నిర్లక్ష్యం వల్ల మరణం సంభవించిందని తేలితే భారతీయ న్యాయ సంహిత 106(1) సెక్షన్ కింద అయిదేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. రోడ్డు మీద దురుసుగా నడిపినందుకు 281 సెక్షన్ విడిగా ఉంది. నష్టపరిహారం యజమాని మీద, ఇన్సూరెన్సు కంపెనీ మీద పడుతుంది, కానీ డ్రైవరుకు సరైన లైసెన్సు లేదని తేలితే కంపెనీ ముందు చెల్లించి తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకునే అవకాశం ఉంటుంది. 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని తేలికపాటి వాహనాల లైసెన్సుతో నడపవచ్చని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు ఇచ్చింది కాబట్టి మీ వంటివారికి ఆ ఒక్క భయం తగ్గింది.

లోపల రోగి ఉండగా మీ బండే ఎవరినైనా గుద్దితే ఏం చేయాలి అన్నది నన్ను శిక్షణలో చాలామంది అడిగారు. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం గాయపడినవారికి వైద్యం అందేలా చూడడం డ్రైవరు విధి, గుంపు దాడి చేసే పరిస్థితి వంటి చేతిలో లేని కారణం ఉంటే తప్ప. ముందు ఆగండి. వెనుక ఉన్న వైద్య సిబ్బందిని దిగి చూడమనండి. 108కీ, 112కీ ఫోను చేయించండి. చోటు ఉండి, రోగికి హాని లేదనిపిస్తే గాయపడిన మనిషిని కూడా అదే బండిలో ఎక్కించండి. లోపలి రోగి నిమిషం ఆగలేని స్థితిలో ఉంటే, గాయపడినవారిని బాధ్యత గల వారికి అప్పగించి, మీ పేరు, బండి నెంబరు, వెళ్లే ఆసుపత్రి చెప్పి కదలండి, 24 గంటలు ఆగకుండా దిగిన వెంటనే దగ్గరి స్టేషనులో తెలియజేయండి. ఆగకుండా పోయిన బండి డ్రైవరును తర్వాత ఎవరూ నమ్మరు.

మీకు దారి ఇవ్వనివారి గురించి కూడా ఒక మాట. అంబులెన్సుకు, ఫైరింజనుకు పక్కకు తప్పుకోని డ్రైవరుకు అదే చట్టం 194ఇ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు గాని, 10,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. ఇది 2019 సెప్టెంబరు 1 నుంచి అమలులో ఉంది. అయితే ఆ శిక్ష వేయించే పని మీది కాదు. రోడ్డు మీద అతనితో గొడవకు దిగడం గాని, కావాలని ఆనించి పోవడం గాని చేయకండి. ముందు కెమెరా ఉంటే ఆ దృశ్యం తర్వాత పోలీసులకు ఇవ్వండి.

చివరగా చలానా. ఆర్‌సీ యజమాని పేరున ఉంటుంది కనుక నోటీసు ఆయనకే వస్తుంది. మీరు చెప్పిన వివరాల ప్రకారం గుండెనొప్పి రోగి లోపల ఉన్నాడు, సైరన్, దీపాలు వేసి ఉన్నాయి. అలాగైతే ఇది మినహాయింపు పరిధిలోకి వచ్చే సందర్భమే, డబ్బు కట్టవలసిన పని లేదు, జీతంలో కోయవలసిన పని అంతకంటే లేదు. కట్టేస్తే నేరాన్ని ఒప్పుకుని రాజీ చేసుకున్నట్టు అవుతుంది, తర్వాత అడగడానికి ఏమీ మిగలదు. కాబట్టి కట్టకముందే యజమాని సంతకంతో ఆ ట్రాఫిక్ స్టేషనుకు రాతపూర్వకంగా విన్నవించండి. పిలుపు వచ్చిన సమయం, మొదటి ఆసుపత్రి ఇచ్చిన రిఫరల్ చీటీ, కాకినాడలో చేర్చుకున్న సమయం ఉన్న చీటీ, ఆర్‌సీ నకలు, బండిలో జీపీఎస్ ఉంటే ఆ రోజు దారి వివరం జతచేయండి. చలానాతో వచ్చిన ఫోటోలో పైన దీపం వెలుగుతూ కనబడితే అదే మీకు గట్టి సాక్ష్యం. అక్కడ ఒప్పుకోకపోతే కోర్టులో అభ్యంతరం చెప్పుకునే హక్కు ఉంది. ఇకనుంచి ప్రతి ప్రయాణానికీ ట్రిప్ షీటులో సైరన్ ఎక్కడ వేశారో, ఎక్కడ ఆపారో, ఎవరి సలహా మీద వేశారో సమయంతో సహా రాసి, వెనుక ఉన్న వైద్య సిబ్బంది చేత సంతకం పెట్టించుకోండి.